ఆఖరి సీడీ చూడకుండానే

మా ఊళ్ళో నర్సింగు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. గల్ఫుకు వెళ్ళాలంటే ఏ పరీక్ష రాయాలి, ఏ ఏజెంటు మంచివాడు అని అడుగుతారు. ఏజెంట్లలో మంచివాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. పరీక్షలేమో నా కాలం తర్వాత మారిపోయాయి. ఆ మాటే చెబితే ఒక పిల్ల, "మరి మీకేం తెలుసాంటీ?" అని మొహం మీదే అడిగేసింది. బాగానే అడిగింది. కువైట్‌లో ఒక పెద్దాసుపత్రి మానసిక వార్డులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. అంత కాలం చేసి నాకు తెలిసిందేమిటయ్యా అంటే, శుక్రవారం సస్పెన్స్ సినిమా చూసి శనివారం డ్యూటీకి వెళ్ళకూడదు.

పిల్లలు నవ్వారు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు ఇందులో ఉండవు. శాలువా ఎలాగూ ఎవరూ కప్పలేదు. ఆ ఎండకు కప్పినా తీసి అవతల పారేసేదాన్ని.

పిచ్చి ఎవరికి?

చేరిన కొత్తలో ఒక మనిషిని కబ్ద్ నుంచి తీసుకొచ్చారు. కబ్ద్ అంటే ఊరు కాదు, ఎడారిలో కొన్ని తోటలు, ఒంటెల దొడ్లు. ఈ మనిషిది కడప జిల్లా, ఒంటెలు కాసే పని. అతని కఫీల్ స్వయంగా బండిలో ఎక్కించుకొచ్చాడు. వీసా ఇప్పించిన యజమాని కదా, బాధ్యత తనదే అనుకున్నాడు. "వీడికి మతి చలించింది. పొద్దస్తమానం ఒంటెలతో మాట్లాడుతున్నాడు" అన్నాడు.

డాక్టరు నన్ను పిలిచి తెలుగులో అడగమన్నాడు. నేను కాగితం, కలం పట్టుకుని పెద్ద మనస్తత్వ నిపుణురాలిలాగా, "ఒంటెలు నీతో తిరిగి మాట్లాడతాయా?" అని అడిగాను. మా పుస్తకంలో ఉన్న ప్రశ్న అది.

అతను నా వైపు జాలిగా చూశాడు. "అవి యాడ మాట్లాడతాయి తల్లీ? మూగజీవాలు. ఆడ నేను తప్ప ఇంగొక మనిషి ల్యాడు. వాటితో మాట్లాడకపోతే ఇంగెవురితో మాట్లాడేది? నోరు పడిపోదా?" అన్నాడు.

డాక్టరుకు అనువాదం చేసి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, నెలకోసారి ఆ మనిషిని ఖైతాన్‌కు పంపించమని, అక్కడ అతని ఊరివాళ్ళు ఉంటారని కఫీల్‌కు చెప్పాడు. కఫీల్ మంచివాడే, ఒప్పుకున్నాడు. మందు రాయలేదు. నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. మన వార్డుకు వచ్చే ప్రతివాడికీ జబ్బు ఉండదు, కొందర్ని ఒక ప్రశ్న అడగడం తోచక తీసుకొచ్చేస్తారంతే. ఆ పాఠం నేర్చుకున్నానని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. తర్వాత లిస్సీ సినిమా వచ్చింది.

చర్చి తర్వాత హత్యలు

లిస్సీ మలయాళీ. మా వార్డు ఇన్‌ఛార్జి, అంటే నా బాసు. రిగ్గైలో మేము నలుగురు నర్సులం కలిసి అద్దెకున్న ఫ్లాటులో నా రూమ్మేటు కూడా. వార్డులో నన్ను తిట్టి, ఇంటికొచ్చి నాకు చేపల కూర వడ్డించేది. సూది పెడితే పేషెంటుకు తెలిసేది కాదు, అంత నేర్పరి. కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆపైన సినిమా పిచ్చి. అందులోనూ మామూలు ప్రేమ కథలు పనికిరావు. ఎవడో ఒకడు చావాలి, ఎందుకు చచ్చాడో ఒక మానసిక వైద్యుడు వచ్చి చెప్పాలి.

అప్పట్లో కువైట్‌లో శుక్రవారం సెలవు, శనివారం నుంచి పని. శుక్రవారం పొద్దున అందరం చర్చికి వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాలయ్యాక లిస్సీ కర్టెన్లు వేసి, ఖైతాన్‌లో ఒక దుకాణం నుంచి తెచ్చిన సీడీ పెట్టేది. పొద్దున "నరహత్య చేయకూడదు", మధ్యాహ్నం నరహత్యలు. నాకు మలయాళం వచ్చింది అలాగే. మార్కెట్లో కూరగాయలు బేరమాడడం రాకముందే "శవాన్ని ఎవరు మొదట చూశారు?" అనడం వచ్చేసింది.

ఆ వారం తెచ్చిన సినిమా నిజంగా బాగుంది, అబద్ధం చెప్పకూడదు. కొండల్లో ఒక ఎస్టేటు బంగళా, ఆగని వాన. ఇంట్లో ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. అందరూ ప్రమాదాలే అనుకుంటారు. ఆ ఇంట్లో ఒక ఆయా ఉంటుంది, పసిపిల్లను పెంచుతుంటుంది. ఆమె నోరు విప్పదు, ఎవరి కళ్ళలోకీ చూడదు, చావు ఇంట్లో కూడా ఏడవదు. పోలీసులు ఒక సైకాలజిస్టును పిలిపిస్తారు. చల్లగా మాట్లాడే మనిషి, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. చచ్చిన ప్రతివాడి చొక్కా నుంచీ ఒక్కో గుండీ పోయిందని ఆయన కనిపెడతాడు. మూడు సీడీల సినిమా అది. మూడో సీడీలో ఆయన ఆయా గదికి వెళ్ళి ఆమె ట్రంకుపెట్టె మూత ఎత్తాడు. మూత సగం లేచింది. అంతే, బొమ్మ గడులు గడులుగా చెదిరి ఆగిపోయింది.

లిస్సీ సీడీని తుడిచింది, ఊదింది, నూనె రాసింది, టూత్‌పేస్టు కూడా రాసింది. కదల్లేదు. దుకాణం అతనికి ఫోను చేస్తే, ఊరి నుంచి ఎవరైనా వస్తే వేరేది తెప్పిస్తానన్నాడు.

"ఇంకేం చూడాలెడీ? పెట్టెలో గుండీలు ఉంటాయి. ఆయానే" అంది లిస్సీ. ఎడీ అంటే మలయాళంలో ఒసే అని.

నాకూ అలాగే అనిపించింది. మా నలుగురిలో ఎవరికీ వేరేగా అనిపించలేదు.

నాగమణి

మర్నాడు శనివారం మేము డ్యూటీకి వెళ్ళేసరికి పోలీసులు ఒక పనిమనిషిని తెచ్చి మా వార్డులో పెట్టారు. పేరు నాగమణి, కోనసీమ మనిషి. ముప్పై దాటి ఉంటాయి. ఒక కువైటీ ఇంట్లో మూడేళ్ళుగా వాళ్ళ పిల్లను పెంచుతోంది. పిల్ల పేరు దానా.

ఫిర్యాదు చేసింది ఇంటావిడ. పనిమనుషులు ఇంటావిడను మామా అంటారక్కడ, నేనూ అలాగే అంటాను. మామా వంటింట్లోకి వెళ్ళేసరికి నాగమణి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పిడికిలి పిల్ల చుట్టూ తిప్పుతోందట. ఏదో గొణుగుతోందట. పిల్ల మీద మూడుసార్లు ఉమ్మిందట. పిడికిట్లో ఉన్నది స్టవ్ మంటలో వేయబోతే మామా చెయ్యి పట్టుకుంది. అందులో ఉప్పు, ఎండుమిరపకాయలు, దానా తల వెంట్రుక ఒకటి ఉన్నాయి.

సిహ్ర్ అని కేకలేసింది మామా. సిహ్ర్ అంటే చేతబడి. ఆ దేశంలో ఆ మాట చిన్నది కాదు. పోలీసులొచ్చారు. నాగమణి ఆ క్షణం నుంచి నోరు విప్పలేదు. అరబ్బీలో అడిగారు, హిందీలో అడిగారు, ఇంగ్లీషులో అడిగారు, గోడ. అందుకని మా దగ్గరికి పంపారు. మా డాక్టరు ఏం చెబితే దాన్నిబట్టి ఆమె దారి తేలుతుంది. తెలివిలో ఉండే చేసిందంటే జైలు. మతి లేక చేసింది, ప్రమాదకరమైన మనిషి అంటే తాళం వేసిన వార్డు, ఎన్నాళ్ళో తెలియదు. ఇంటికి వెళ్ళే దారి ఆ రెండింట్లోనూ లేదు.

తెలుగు నర్సు ఉందిగా, అడగొచ్చుగా అంటారు మీరు. అడిగాను. తెల్ల యూనిఫారం వేసుకుని, మెడలో సిలువతో మంచం పక్కన కూర్చుని, ఎంతో ప్రేమగా, "భయపడకమ్మా, ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుందామా?" అన్నాను. ఆమె నా మొహం చూసింది, సిలువ చూసింది, గోడ వైపు తిరిగి పడుకుంది. మన ప్రాంతం మనుషులకు తప్ప ఇంకెవరికీ అర్థం కాని సంగతి అది, నాకే అప్పుడు అర్థం కాలేదు.

లిస్సీకి మాత్రం ఒక్క పూటలో అంతా అర్థమైపోయింది.

"మార్తా, చూశావా? మాట్లాడదు. కళ్ళలోకి చూడదు. ఏడవదు. పైగా పిల్లను పెంచే మనిషి. ఎండె ఈశోయే, అచ్చం అదే!"

"అందులో గుండీలు కదా" అన్నాను.

"గుండీ అయితేనేం, వెంట్రుక అయితేనేం? గుర్తు దాచుకోవడం అంటారు దాన్ని. సైకాలజీ!"

సగం మూత లేచిన ట్రంకుపెట్టె నుంచి వచ్చిన సైకాలజీ అది. సాయంత్రానికల్లా వార్డంతా పాకింది. ఫిలిప్పీన్సు నర్సు ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళనంది. అన్నం ట్రే ఇచ్చే అబ్బాయి స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్ చెంచా పెట్టాడు. నాగమణి కిటికీ దగ్గర నిలబడితే "ఎవరి కోసమో కాచుకుని ఉంది" అని, కూర్చుంటే "ఆలోచిస్తోంది" అని, పడుకుంటే "నటిస్తోంది" అని రిపోర్టు చేశారు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. మా వార్డుకు లోకమంతా ఎస్టేటు బంగళాలాగా కనబడింది.

మా డాక్టరు పేరు హుస్సామ్, ఈజిప్టు ఆయన. నెమ్మదస్తుడు, బుద్ధిమంతుడు. కానీ ఆయనకు రోజూ కథ చెప్పే మనిషి లిస్సీ. తానొక సినిమా చెబుతున్నానని ఒక్కసారి కూడా అనలేదు. "ఇలాంటి కేసులు మా కేరళలో వచ్చాయి దక్తూర్" అనేది. ఆయన తలూపి రాసుకునేవాడు. చదువుకున్నవాళ్ళను బోల్తా కొట్టించడానికి అబద్ధాలు అక్కర్లేదు, అనుభవంలాగా చెబితే చాలు. పిల్లలూ, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆవులింతలు

మూడో రోజో నాలుగో రోజో ఒక నర్సు సెలవు పెట్టడంతో నాకు రెండు డ్యూటీలు వరసగా పడ్డాయి. మధ్యాహ్నం నాగమణి గదిలో కూర్చుని బీపీ రాసుకుంటున్నాను. ఒక ఆవులింత వచ్చింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. దవడ పట్టేసేలా ఆవులిస్తున్నాను, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

నాగమణి మంచం మీద లేచి కూర్చుంది. నన్నే చూస్తోంది. లిస్సీ చెప్పినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను.

"మీకు బాగా దిష్టి తగిలిందండి సిస్టరుగారూ" అంది నాగమణి.

అన్ని రోజుల్లో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమన్నావు?"

"ఆయ్, దిష్టేనండి. ఆవులింతలు అలా ఆగకుండా వత్తన్నాయంటే ఎవురో గట్టిగా సూశారన్నమాటండి. గుప్పెడు ఉప్పు ఉంటే తీసేద్దునండి." అని గబుక్కున నోటి మీద చెయ్యి వేసుకుంది. "తిట్టకండే. మీకు పడదు కదండీ ఇయ్యన్నీ. మా వీధిలో పాస్టరమ్మగారు దిష్టి తీత్తే సైతాను పని అంటారండి. అందుకే మీతో మాటాడలేదండి."

ఉప్పు. మిరపకాయలు. పిల్ల వెంట్రుక. పిడికిలి మూడుసార్లు తిప్పడం, థూ థూ అనడం. నేను గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని! ఇంకా చెప్పాలంటే మా అమ్మ కూడా తీసేది. పాస్టరుగారు మా ఇంట్లో ప్రార్థన చేసి టీ తాగి వెళ్ళేదాకా ఆగి, ఆయన సైకిలు వీధి మలుపు తిరగ్గానే వంటింట్లోంచి ఉప్పు తెచ్చేది. అలాంటిది, ఆ ఫిర్యాదు చదివి నేను కూడా గుండీల గురించి ఆలోచించాను. సిగ్గేసింది. నవ్వూ వచ్చింది. చివరకు ఏడుపొచ్చింది, దాన్ని ఆవులింత కింద నెట్టేశాను.

"అసలేం జరిగిందే?" అన్నాను, సిలువను చొక్కా లోపలికి తోసేస్తూ.

"ఏముందండీ. దానా పాపకి పుట్టినరోజు సేశారు. బోల్డంత మంది వచ్చారు. అందరూ బుగ్గలు పుణికారు. ఆ మర్నాటి నుంచి పిల్ల అన్నం ముట్టదు, ఒళ్ళు వెచ్చబడింది, ఒకటే ఏడుపు. నా సేతుల్లో పెరిగిన పిల్లండి, సూత్తా ఊరుకుంటానా? తీత్తంటే మామా వచ్చేసింది. మంటలో ఎయ్యనియ్యలేదండి. సగంలో ఆగిపోయింది దిష్టి. జ్వరం తగ్గిందో లేదో ఎవురూ సెప్పట్లేదండి."

జ్వరం తగ్గిందో లేదో మాలో ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద మానసిక విభాగం, ఇంతమంది నిపుణులం, పిల్ల ఎలా ఉందని అడిగిన పాపాన పోలేదు. ఆ రోజే ఆరా తీశాను. జ్వరం తగ్గిందట. అన్నం మాత్రం తినడం లేదట, నాగమణి కావాలని ఏడుస్తోందట.

డాక్టరుగారి ఇరకాటం

పరుగున వెళ్ళి డాక్టర్ హుస్సామ్‌కు చెప్పాను. ఆయన నవ్వలేదు. "మా అమ్మ కాగితం బొమ్మ కత్తిరించి, సూదితో గుచ్చి, ధూపంలో కాల్చేది. నాకు పరీక్షలు వచ్చినప్పుడల్లా" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"అయితే అదే రాయండి దక్తూర్."

"ఏమని రాయను సిస్టర్ మార్తా? ఆమె మతి సరిగ్గా ఉంది, మంత్రం చదువుతూ వెంట్రుక కాల్చబోయింది అని రాయనా? అది నేరుగా పోలీసులకు వెళుతుంది. నాకు అది మా అమ్మ ధూపం. వాళ్ళకు సిహ్ర్. రాస్తే జైలు, రాయకపోతే పిచ్చి. రెండింట్లో ఏది మంచిది, నువ్వే చెప్పు."

ఆ మాటతో నా సంతోషం చప్పబడిపోయింది. నిజం తెలిస్తే చాలు, మనిషి బయటపడుతుందని మనం అనుకుంటాం. సినిమాల్లో అలాగే ఉంటుంది. ఉద్యోగంలో నిజం తెలిసిన తర్వాతే అసలు ఇబ్బంది మొదలవుతుంది.

"ఫిర్యాదు ఇచ్చినావిడ వెనక్కి తీసుకుంటే?" అన్నాను.

"తీసుకుంటే ఖలాస్, కేసు లేదు. ఎల్లుండి వాంగ్మూలం కోసం నా దగ్గరికి వస్తోంది. నువ్వు గదిలో ఉండు. ఏమీ మాట్లాడొద్దని నేను చెప్పలేదు" అన్నాడు. అంతకంటే గొప్ప ఆర్డరు నా సర్వీసులో ఏ బాసూ ఇవ్వలేదు.

ఈలోగా మర్నాడు పొద్దున లిస్సీ వార్డుకు మొహం వేలాడేసుకుని వచ్చింది. ఊరి నుంచి ఎవరో వచ్చారట, మూడో సీడీ దొరికిందట, తెల్లారగట్ల లేచి ఒక్కతే చూసేసిందట.

"పెట్టెలో గుండీలు లేవెడీ" అంది.

"మరి?"

"పిల్ల బట్టలున్నాయి. ఉత్త పిల్ల బట్టలు. హంతకుడు ఆ సైకాలజిస్టు. బంగారు కళ్ళద్దాలవాడు!"

అనవలసిన మాటలు చాలా ఉన్నాయి కానీ బాసు కదా. ఆ రోజంతా లిస్సీ నాగమణికి రెండుసార్లు టీ ఇచ్చింది, ప్లాస్టిక్ చెంచా తీయించి మామూలు చెంచా పెట్టించింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక వారం పాటు డాక్టర్ హుస్సామ్ వెనక నిలబడి ఆయన్ని అనుమానంగా చూడడం మొదలెట్టింది. ఆయన పాపం కళ్ళద్దాలు కూడా పెట్టుకోడు.

షబ్బా

మామా ఒక్కతే రాలేదు. అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. మామాకు పాతికేళ్ళు ఉంటాయేమో, అందమైన మనిషి, నిద్ర లేక కళ్ళ కింద నల్లబడి ఉంది. అత్తగారు పెద్దావిడ, నల్లటి అబాయా, మొహాన ముడతలు, చేతిలో తస్బీ, అంటే జపమాల.

మామా గడగడా చెప్పుకుపోయింది. ఉమ్మింది, తిప్పింది, వెంట్రుక పట్టుకుంది, మంత్రం చదివింది. డాక్టరు రాసుకుంటున్నాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, నేను పెద్దావిడకు టీ అందిస్తూ వచ్చీరాని అరబ్బీలో, "యుమ్మా, మీ ఇళ్ళల్లో పిల్లకు కన్ను తగిలితే ఏం చేస్తారు?" అన్నాను.

"ఖురాన్ చదువుతాం" అంది ఆవిడ వెంటనే. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "షబ్బా కూడా తిప్పుతాం" అంది. షబ్బా అంటే పటిక. "పిల్ల తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తే, ఎవరి కన్ను తగిలిందో ఆ మొహం కనబడుతుంది పటికలో. మీ వాళ్ళు చేయరా?"

"చేస్తాం యుమ్మా. మా దగ్గర పటిక బదులు ఉప్పు. దాంతోపాటు ఎండుమిరపకాయలు."

తస్బీ పూసలు ఆగిపోయాయి. పెద్దావిడ టీ కప్పు కింద పెట్టి కోడలి వైపు తిరిగింది.

"మంటలో వేయబోయింది ఉప్పేనా?"

"ఉప్పు ఉంది, కానీ వెంట్రుక..."

"వెంట్రుక! మా కాలంలో కన్ను పెట్టినదాని బట్టలోంచి పోగు లాగి తెచ్చేవాళ్ళం తెలుసా? నీ మొగుడికి చిన్నప్పుడు నేనే తెచ్చాను, మా ఆడపడుచు బట్టలోంచి. హరామ్! నీ బిడ్డకు కన్ను తీస్తుంటే పోలీసుల్ని పిలిచావా?"

"ఉమ్మింది కదా!"

"నేను దువా చదివి పిల్ల మీద ఊదినప్పుడు తుంపర్లు పడవా? నన్ను కూడా పట్టించు, యల్లా!"

డాక్టర్ హుస్సామ్ కలం మూత పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని నాకు తెలుసు.

ఫిర్యాదు ఆ రోజే వెనక్కి తీసుకున్నారు. కానీ మామా భర్త ఒప్పుకోలేదు, పోలీసుల దాకా వెళ్ళొచ్చిన పనిమనిషిని మళ్ళీ ఇంట్లో పెట్టుకోనన్నాడు. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి, రద్దు చేయించి టిక్కెట్టు తీశాడు. జైలు లేదు, పిచ్చీ లేదు, ఉద్యోగమూ లేదు. తప్పు చేయలేదని తేలిన మనిషికి దక్కింది అది. మేమంతా అదే పెద్ద విజయం అనుకున్నాం, ఆమె కూడా అనుకుంటుందనుకున్నాం. నాగమణి మాత్రం, "ఒక్కసారి పిల్లని సూసి ఎల్తానండి" అంది. అది కుదిరే పని కాదని చెప్పాను. తల వంచుకుని సరేనంది.

ఉప్పు

నాగమణి వెళ్ళవలసిన రోజు మధ్యాహ్నం మామా వచ్చింది. ఎవరినీ వెంట తేలేదు, చంకలో దానా. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఉప్పు పొట్లం, ఎండుమిరపకాయలు. పిల్ల సగమైపోయి ఉంది.

"సగంలో ఆపాను కదా. పూర్తి చేయమను" అంది నాతో, ఎటో చూస్తూ.

వార్డు నియమాల ప్రకారం అది జరగకూడదు. లిస్సీ గది తలుపు మూసి, బయట కాపలాగా నిలబడి, "త్వరగా కానీయండెడీ" అంది. ఆ తర్వాత తలుపు సందులోంచి తల పెట్టి, "సినిమాలో పెడితే ఇది ఎవడూ నమ్మడు" అని కూడా అంది.

దానా నాగమణిని చూడగానే తల్లి చంకలోంచి దూకింది. నాగమణి పిల్లను పొదివి పట్టుకుని ముద్దులు పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. తర్వాత నాగమణి కళ్ళు తుడుచుకుని, పిల్లను మంచం మీద కూర్చోబెట్టి, పిడికిట్లోకి ఉప్పు, మిరపకాయలు తీసుకుని తిప్పడం మొదలుపెట్టింది.

"ఏమంటోంది?" అని అడిగింది మామా.

ఒక్కోటే అరబ్బీలో చెప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి. వాడ దిష్టి, ఊరి దిష్టి. వచ్చినవాళ్ళ దిష్టి, పోయినవాళ్ళ దిష్టి. ఆ తర్వాత మాట దగ్గర ఆగిపోయాను.

"ఆగావేం? చెప్పు."

"తల్లి దిష్టి."

"నా కన్నా?"

"అందర్నీ కలిపి అంటారు మామా. మా దగ్గర తల్లి కన్నే ముందు తగులుతుందంటారు, తల్లి ఎక్కువ ప్రేమగా చూస్తుంది కదా."

మామా నాగమణి పిడికిలినే చూసింది. తర్వాత మెల్లగా, "పుట్టినరోజున అందరి ముందు ఎత్తుకోబోతే, నన్ను తోసేసి దాని దగ్గరికి పరిగెత్తింది. అప్పుడు ఇద్దర్నీ చూశాను సిస్టర్. అది ప్రేమగా చూసిన చూపు కాదు" అంది.

నేను ఆ మాట తెలుగులోకి మార్చలేదు. మూడేళ్ళు ఆ ఇంట్లో వంటింటి అరబ్బీ విన్న మనిషికి నేను మార్చనక్కర్లేదు. నాగమణి థూ థూ అని, నిప్పు లేదు కాబట్టి పిడికిట్లోది సింకులో వేసి నీళ్ళు వదిలింది. పొట్లం వైపు చూసింది.

"ఉప్పు ఇంకా ఉందండి సిస్టరుగారూ. మామాకి కూడా తీసెయ్యమంటారా?"

చెప్పాను. ఆమెను పోలీసులకు పట్టించిన మనిషికి ఆ మాట అరబ్బీలో రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మామా వచ్చి మంచం మీద పిల్ల పక్కన కూర్చుంది. తల మీది గుడ్డ సర్దుకుని తల వంచింది. నాగమణి పిల్లకు ఎంత శ్రద్ధగా తీసిందో ఆమెకూ అంతే శ్రద్ధగా, అన్ని దిష్టులూ పేరు పేరునా చెప్పి తీసింది.

వాళ్ళు వెళ్ళిపోయాక నాగమణి బట్టలు సర్దుకుంటుంటే నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకే ఆవిడకి తీశావు? ఇంత చేసింది కదా నిన్ను?"

నాగమణి నా వైపు జాలిగా చూసింది, కబ్ద్ మనిషి చూసినట్టే.

"రేపట్నుంచి పిల్లని సూసుకోవాల్సింది ఆవిడే కదండీ" అంది.